చవక బేరం, ఖరీదైన పోషణ

20 లక్షల రూపాయలు చేతిలో ఉన్న కుటుంబానికి నేడు కారు విషయంలో రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, షోరూముకు వెళ్లి మధ్యశ్రేణి కొత్త కారు కొనుక్కోవడం. రెండవది, ఎనిమిది తొమ్మిదేళ్లు నడిచిన జర్మన్ ఎస్‌యూవీని సెకండ్‌హ్యాండ్‌లో ఇంటికి తెచ్చుకోవడం. బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్‌ఈ వంటివి కొత్తగా కొనాలంటే కోటి రూపాయలకు అటూ ఇటూగా కావాలి. అంతటి వాహనం అయిదో వంతు ధరకు వస్తోందంటే ఎవరి మనసైనా అటువైపు మొగ్గడం సహజం. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి కూడబెట్టుకుని తిరిగి వచ్చిన సోదరులు, కొత్తగా వ్యాపారం నిలదొక్కుకున్న యువకులు ఈ బేరం దగ్గర తరచుగా ఆగిపోతున్నారు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ బేరం లోతుపాతులను పరిశీలించదలచాము.

ముందుగా ఒక మూలసూత్రాన్ని గుర్తుంచుకోవాలి. కారు పాతబడిన కొద్దీ దాని ధర తగ్గుతుంది గాని, దాని విడిభాగాల ధర తగ్గదు. 80 లక్షల కారుకు అమర్చిన హెడ్‌లైటు, ఆ కారు 20 లక్షలకు చేతులు మారిన నాడు కూడా 80 లక్షల కారు హెడ్‌లైటే. కొనే స్తోమత 20 లక్షలదై, పోషించవలసిన వాహనం 80 లక్షలదైనప్పుడు ఆ రెండింటి మధ్యనున్న తేడాను ప్రతి నెలా ఇంటి బడ్జెట్టే భరించాలి. మొదటి యజమాని వారంటీ ఉన్నంతకాలం నడిపి, పెద్ద మరమ్మతులు మొదలయ్యే వయసుకు అమ్మేస్తాడు. ఆ వయసులోనే అది మన చేతికి వస్తుంది.

ఈ వాహనాలు నాసిరకమైనవని మేము చెప్పడం లేదు. బ్రేకులు, స్థిరత్వం, ప్రమాదంలో లోపలివారికి కలిగే రక్షణ విషయంలో ఇవి మేలైనవే. మన దేశంలో ఎక్కువగా అమ్ముడైన మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లు శ్రద్ధగా చూసుకుంటే రెండు లక్షల కిలోమీటర్లు దాటి నడుస్తాయి. అయితే వయసు మీద పడిన తర్వాత ఎక్కడెక్కడ మొరాయిస్తాయో మెకానిక్కులకు బాగా తెలుసు. కొనేవారికీ తెలిసి ఉండాలి.

మొదటిది ఎయిర్ సస్పెన్షన్. ఇనుప స్ప్రింగుల స్థానంలో గాలి నిండిన రబ్బరు తిత్తులు బండి బరువును మోస్తాయి. ప్రయాణం పడవలా సాగిపోతుంది. కానీ రబ్బరు ఎండకు, దుమ్ముకు పగుళ్లిస్తుంది. గాలి మెల్లగా కారుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెసర్ అదేపనిగా తిరిగి చివరకు కాలిపోతుంది. చిన్న లీకును పట్టించుకోనందుకు రెండు భాగాలు మార్చవలసి వస్తుంది. అధీకృత సర్వీసు కేంద్రంలో ఒక్క చక్రం వద్ద ఈ భాగాన్ని మార్చడానికే లక్ష రూపాయలు దాటవచ్చు. రాత్రి నిలిపిన బండి తెల్లవారేసరికి ఒక మూల కుంగి కనిపిస్తే సంగతి ఇదేనని గ్రహించాలి.

రెండవది శీతలీకరణ వ్యవస్థ. కూలెంట్ ట్యాంకు, థర్మోస్టాట్ గూడు, గొట్టాల కొసలు చాలావరకు ప్లాస్టిక్‌తో చేసినవి. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి అవి పెళుసుబారి ఒక రోజు హఠాత్తుగా పగులుతాయి. ఉష్ణోగ్రత హెచ్చరిక వెలిగిన తర్వాత ‘ఇంకో పది కిలోమీటర్లేగా’ అని నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోతుంది. కొన్ని వేలతో పోయేది లక్షల్లోకి మారుతుంది. రబ్బరు గ్యాస్కెట్లు గట్టిపడి ఆయిల్ కారడం కూడా ఇదే వయసులో మొదలవుతుంది.

మూడవది ఎలక్ట్రానిక్స్. ఈ బండ్లలో పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ బిగించినా, ఆ సంగతిని కంప్యూటరులో నమోదు చేయాలి. లేకుంటే పాత బ్యాటరీ అనుకునే ఛార్జింగ్ చేస్తుంది. పైన అద్దాల సన్‌రూఫ్ ఉన్న బండిలో నీరు పోయే సన్నని గొట్టాలు ఆకులు, మట్టితో పూడుకుపోతే వాన నీరు లోపలికి దిగుతుంది. తివాచీ కింద ఉన్న వైర్లు, యూనిట్లు తుప్పు పడతాయి. ఏడాదికొకసారి ఆ గొట్టాలను శుభ్రం చేయించడం అతి చవకైన బీమా.

నాలుగవది టైర్లు. ఒక్కో టైరు 25 వేల రూపాయలు దాటడం అసాధారణం కాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనంలో నాలుగు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉండాలి. లేకుంటే శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసుపై భారం పడుతుంది. గుంతలో పడి ఒకటి పగిలితే, ఒక్కటే మార్చి ఊరుకోవడం అన్నివేళలా కుదరదు.

పేరున్న సంస్థ, పెద్ద ఇంజన్ అనగానే నమ్మకం పుడుతుంది. 2008లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఎన్63 అనే ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజన్ చరిత్ర ఈ సందర్భంలో తెలుసుకోదగినది. రెండు వరుసల సిలిండర్ల నడుమ ఇరుకు స్థలంలోనే టర్బోలను అమర్చారు. వేడి అక్కడే పోగుపడేది. ఆయిల్ అధికంగా తాగుతోందని యజమానులు గోల పెట్టారు. 2014 చివరలో ఆ సంస్థ అమెరికాలో ఈ ఇంజన్ ఉన్న కార్ల కోసం ప్రత్యేక కార్యక్రమం ప్రకటించి టైమింగ్ చైన్, ఇంజెక్టర్ల వంటివి పరీక్షించి మార్చింది. ఆ దేశంలో కోర్టు వ్యాజ్యం, రాజీ కూడా జరిగాయి. బండి ముందు మెరిసే చిహ్నాన్ని చూసి తృప్తిపడక, అందులోని ఇంజన్ ఏదో, దాని చరిత్ర ఏమిటో విచారించాలని దీని సారాంశం.

ఆయిల్ మార్పిడి గురించి మరొక మాట. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం సరిపోతుందని కార్ల సంస్థలు చెబుతూ వచ్చాయి. కానీ ఆ గేర్‌బాక్సులను తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుండి 1 లక్ష 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని సూచిస్తుంది. వారంటీ ముగిసేదాకా నడిస్తే చాలనుకునే మొదటి యజమానికి, ఆ తర్వాత పదేళ్లు నడపాలనుకునే మనకు ‘జీవితకాలం’ అనే మాట అర్థం ఒకటి కాదు. ఇంజన్ ఆయిల్ విషయంలోనూ అంతే. మన ఎండలో, ట్రాఫిక్‌లో సంస్థ చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మేలు.

ఇక ఈ బండ్లు ఎక్కడి నుండి వస్తున్నాయో చూద్దాం. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ తర్వాత సడలింపులు వచ్చినా, గడువు దగ్గరపడ్డ డీజిల్ బండ్లు అక్కడ చవకగా అమ్ముడై ఇతర రాష్ట్రాలకు తరలే మార్గం అలా ఏర్పడింది. అక్కడి ధర చూసి మురిసిపోయేవారు అక్కడి ఆర్టీఓ నుండి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలని మరువరాదు. ఆ పన్ను కలిపిన తర్వాతే అసలు ధర తేలుతుంది. వరదల్లో మునిగిన బండ్ల బెడద మరొకటి. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోను ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలాంటివి పైపైన తుడిచి అమ్మితే కంటికి కనిపించవు. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడండి. చివరనున్న బురద చార అబద్ధం చెప్పదు.

బీమా ఉంది కదా అని కొందరు ధైర్యపడతారు. 1,500 సీసీ దాటిన ప్రైవేటు కార్లకు 2022లో నిర్ణయించిన థర్డ్‌పార్టీ ప్రీమియం ఏడాదికి 7,897 రూపాయలే. కానీ అది ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే. సొంత నష్టపు పాలసీ తీసుకున్నా, అరుగుదల వలన, యంత్రలోపం వలన చెడిపోయిన గేర్‌బాక్సుకు, సస్పెన్షన్‌కు రూపాయి కూడా రాదు. ప్రమాదం జరిగినప్పుడు సైతం జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల విలువలో సగం కోత పడుతుంది. ఆ సౌకర్యం పాత బండ్లకు అంత సులభంగా దొరకదు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. ఇది మా అంచనా మాత్రమే. బండిని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు, లీటరుకు 9 కిలోమీటర్లు అనుకుంటే సుమారు 1,330 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 96 రూపాయల చొప్పున 1 లక్ష 28 వేలు. బీమా 50 వేలు. 1 లక్ష 20 వేల టైర్ల జత మూడేళ్లు వస్తే ఏడాదికి 40 వేలు. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకుల వంటి సర్వీసుకు 60 వేలు. అనుకోని మరమ్మతుల కోసం పక్కన పెట్టవలసినది లక్షన్నర. మొత్తం 4 లక్షల 28 వేలు, అంటే నెలకు దాదాపు 36 వేల రూపాయలు. బండి విలువ ఏటేటా పడిపోవడం ఇందులో కలపలేదు. అదే ధరకు వచ్చే కొత్త మధ్యశ్రేణి కారు వారంటీలో ఉండగా దీనిలో సగం ఖర్చుతో నడుస్తుంది.

నెలకు 36 వేలు అప్పు లేకుండా, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు, బంధువుల హక్కులు తగ్గకుండా పెట్టగలవారు ఆ కారు కొనవచ్చు. తప్పు పట్టవలసినదేమీ లేదు. పెట్టలేనివారు వడ్డీ అప్పు తెచ్చి కొంటే హరామ్ అంటుకోవడమే గాక, మరమ్మతు వచ్చిన రోజున మరో అప్పు తప్పదు. పెళ్లిళ్లలో నలుగురు చూడాలనే ఉద్దేశంతో కొనేవారు, బండి షెడ్డులో నెల రోజులు పడివున్నప్పుడు ఆ నలుగురిలో ఒక్కరూ బిల్లు కట్టరని తలచుకోవాలి.

కొనాలని నిర్ణయించుకున్నవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మొదటి నుండి ఉన్న సర్వీసు రికార్డు లేని బండిని, ఎంత చవకైనా, వదిలేయండి. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి. ముందే వేడి చేసి ఉంచితే కారణం అడగండి. అమ్మేవారితో సంబంధం లేని, ఆ సంస్థ బండ్లు రోజూ చూసే మెకానిక్‌తో స్కానరు పెట్టించండి. కిలోమీటర్ల అంకె మీటరులోనే గాక కొన్ని ఇతర యూనిట్లలోనూ నమోదై ఉంటుంది కనుక రెండూ పోల్చి చూపమనండి. కారు ధరకు తోడు కనీసం 3 లక్షలు మరమ్మతుల నిధిగా చేతిలో ఉంటేనే సంతకం చేయండి.

అమ్మే సోదరులకు కూడా ఒక విన్నపం. కుంగుతున్న సస్పెన్షన్‌ను, మునిగిన చరిత్రను, వెనక్కి తిప్పిన మీటరును దాచి అమ్మిన సొమ్ము హలాల్ అవుతుందా అన్నది ఎవరికి వారే ఆలోచించుకోవాలి. లోపం చెప్పి, ధర తగ్గించి అమ్మినవాడు నష్టపోడు.

బేరం కుదుర్చుకునే ముందు పైన చెప్పిన లెక్కను మీ ఊరి ధరలతో తిరగరాసి ఇంట్లో అందరి ఎదుట పెట్టండి. భార్యతో, ఎదిగిన పిల్లలతో మష్వరా చేయండి. కారును వీధి చూస్తుంది, దాని ఖర్చును ఇల్లు మోస్తుంది. కనుక ఆ ఇంటి మాటే చివరి మాట కావాలి.