ఊరి పేరు తిట్టయిన కథ

1863వ సంవత్సరం మే నెలలో లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఒక పరువునష్టం దావాను గురించిన వార్త వెలువడింది. వాదులు బీరు కాచి అమ్మే వ్యాపారులు. ప్రతివాది చేసిన నేరమల్లా ఒక ప్రకటనలో వారిని ‘సూరత్ బీరు వాళ్లు’ అని పేర్కొనడమే. దొంగలనలేదు, మోసగాళ్లనలేదు. మన దేశపు పడమటి తీరాన ఉన్న ఒక నగరం పేరును వారి పేరుకు ముందు తగిలించాడు, అంతే. ఆనాటి లాంకషైర్ ప్రాంతంలో నాసి సరుకునూ, కల్తీ సరుకునూ ‘సూరత్’ అని ఈసడించేవారు. ఆ ఒక్క మాటతో తమ వ్యాపారం మంటగలిసిందని వాదులు న్యాయస్థానానికెక్కారు. సూరత్‌లో ఎన్నడూ కాలుపెట్టని జనం నోట ఆ ఊరి పేరు తిట్టుగా మారిన వైనాన్ని పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు ఈనాటికీ భద్రంగా దాచి ఉంచాయి.

అంతకు రెండు శతాబ్దాల ముందు ఇదే పేరు మేలిమికి గుర్తు. ఈస్టిండియా కంపెనీ వర్తకులు మన తూర్పు తీరాన మచిలీపట్నంలో 1611లో దిగారు. 1613లో జహంగీరు చక్రవర్తి అనుమతితో తాపీ నది ఒడ్డున సూరత్‌లో కోఠీ తెరిచారు. ఈ రెండు రేవుల నుంచీ వెళ్లిన అద్దకపు బట్టలకు లండన్ స్త్రీలు ఎంతగా మోజుపడ్డారంటే, 1719లో అక్కడి పట్టు నేతగాళ్లు తమ నోటికాడి కూడు పోతున్నదన్న ఉక్రోషంతో వీధుల్లో తిరుగుతూ, కాలికో కట్టిన ఆడవాళ్ల ఒంటిమీది గుడ్డలు చింపి పారేశారు. 1721లో పార్లమెంటు అద్దకపు నూలు బట్ట ధరించడాన్నే నిషేధించింది. తెల్లదొరల దేశంలో మన బట్ట కట్టుకుంటే జరిమానా పడిన రోజులవి. తరువాత ఆవిరి యంత్రాలు వచ్చాయి. నేసిన బట్ట వెళ్లడం ఆగి, నేయని పత్తి వెళ్లడం మొదలైంది.

ఆ పత్తి కూడా లాంకషైర్‌కు అంతగా అవసరపడలేదు. అక్కడి మిల్లులకు కావలసిన దూదిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, బానిసల చెమటతో తడిసి వచ్చేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రగిలి ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధించాయి. మిల్లుల గొట్టాల నుంచి పొగ రావడం ఆగిపోయింది. 1862 చివరికి ఆ ప్రాంతంలో సుమారు ఐదు లక్షల మంది ధర్మసంస్థల సాయంతో పొట్ట పోసుకోవలసి వచ్చింది. అయినా ఆ సంవత్సరం చివరి రోజున మాంచెస్టరు కార్మికులు సభ జరిపి, బానిసత్వంపై పోరుతున్న లింకనుకు మద్దతు తెలుపుతూ లేఖ పంపారు. ఆయన కృతజ్ఞతతో బదులు రాశాడు. లాంకషైర్ అంతా ఒక్క మాట మీద ఉన్నదని చెప్పలేము గాని, ఆకలి కడుపులతో అంత మాట అనగలగడం సామాన్యం కాదు.

అమెరికా పత్తికి బదులుగా వచ్చింది సూరత్ పత్తి. దాని పోగు పొట్టి. ఆకులూ, గింజల ముక్కలూ, మట్టీ కలిసి వచ్చేది. అమెరికా దూదికని అమర్చిన యంత్రాల మీద ఆ నూలు మాటిమాటికీ తెగేది. తెగకుండా ఉండాలని పడుగుకు గంజి ఎక్కువ పట్టించేవారు. ఆ గంజిలో పిండితో పాటు చైనా క్లే అనే తెల్లమట్టినీ కలిపేవారు. ఆనాటి నేతగత్తె కండె మార్చినప్పుడల్లా నాడె కంతకు నోరు ఆనించి నూలు పోగును పీల్చి లాగేది. దూది దుమ్ము గొంతులోకి పోయేది.

ఇంతకూ నేతగాళ్లకు కూలి ఇచ్చేది రోజు లెక్కన కాదు, నేసిన బట్ట లెక్కన. పోగు తెగితే మగ్గం ఆగేది. మగ్గం ఆగితే బట్ట తగ్గేది. బట్టలో లోపం కనిపిస్తే ఆ తగ్గిన కూలిలోనూ కోత పడేది. వారమంతా మగ్గం దగ్గర నిలబడి, పూర్వపు వేతనంలో సగం కూడా ఇంటికి తీసుకుపోలేని వారున్నారని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు నివేదించారు. ఆ నివేదికలను కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథంలో వాడుకున్నాడు. నాసి పత్తి కొన్నది మిల్లు యజమాని, నష్టం భరించినది నేతగాడు. పత్తి కోసం ప్రార్థన జరుగుతూండగా వెనుక నుంచి ఒక నేతగాడు “ప్రభూ, పంపు, కాని సూరత్‌ది మాత్రం వద్దు” అని అరిచాడని ఒక కథ చెప్పుకునేవారు. సామ్యుయెల్ లేకాక్ అనే నేతపని కవి ఆ ప్రాంతపు యాసలో సూరత్ నేతగాడి గోడును పాటగా కట్టాడు. యజమానిని తిట్టే వీలు లేనివాడు పత్తిని తిట్టాడు. పత్తిని తిట్టబోయి ఊరిని తిట్టాడు.

నిజానికి ఆ పత్తిలో చాలా భాగం సూరత్‌ది కాదు. భరూచ్, ఖాందేశ్, ధార్వాడ, బేరార్ ప్రాంతాలలో పండి బొంబాయి రేవులో ఓడెక్కిన సరుకంతటికీ పాత కోఠీ పేరే నిలిచిపోయింది. ఇందులో బేరార్ నిజాం నవాబుది. సైనిక దళం ఖర్చుల బాకీ కింద దాని పాలనను 1853లో ఆయన చేత రాయించుకున్నది గవర్నర్ జనరల్ డల్హౌసీ. ఎడింబరో దగ్గరి డల్హౌసీ కోట ఆయన వంశానిది. అసలు సిసలు స్కాట్లండు ప్రభువు. హైదరాబాదు నవాబు నల్లరేగడిలో పండిన దూది ఇంగ్లండులో సూరత్ పేరున తిట్లు తిన్నదన్నమాట. ఇక మట్టీ, కల్తీ సంగతి. శుభ్రమైన పత్తికి రైతు చేతికి దమ్మిడీ ఎక్కువ వచ్చేది కాదు. మధ్యవర్తి మాత్రం బేలు బరువు మీద సొమ్ము చేసుకునేవాడు. అటువంటప్పుడు కల్తీ ఎవరి పనో ఊహించడం కష్టం కాదు. బొంబాయి ప్రభుత్వం 1863లో పత్తి మోసాల చట్టం తెచ్చింది. ఆ గిరాకీలో బొంబాయి వ్యాపారులు కుబేరులైపోయారు. వారిలో మొనగాడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పుట్టింది సూరత్‌లోనే. 1865లో యుద్ధం ముగిసి ధరలు కూలగానే వాటాల జూదమూ కూలింది.

ఒక ఊరి పేరుకు ఇట్లా అపకీర్తి అంటుకుంటూ ఉండగా, స్కాట్లండులో మరొక ఊరికి అయాచితమైన కీర్తి దక్కింది. గ్లాస్గో పక్కనున్న ఆ నేతపట్టణం పేరు పైస్లీ. కాశ్మీరు శాలువల మీది బూటాను, మన నేతగాళ్లు మామిడి పిందె అనే వంపు తిరిగిన బొమ్మను, పైస్లీ వారు పంతొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో అనుకరించి నేయడం మొదలుపెట్టారు. జకార్డు మగ్గాల మీద అగ్గువగా, గుట్టలుగా నేశారు. క్రమంగా ఆ బొమ్మకే ఆ ఊరి పేరు స్థిరపడింది. ఇరానులో, కాశ్మీరులో పుట్టిన పిందె స్కాట్లండు సొత్తయింది. అనుకరించిన వారి పేరు నిలిచి, అసలు వారి పేరు మరుగున పడటం లోకంలో కొత్తేమీ కాదు.

అయితే పైస్లీ వారి మీద కోపం తెచ్చుకునే ముందు వారి కష్టమూ వినాలి. ఆ శాలువలో రంగురంగుల పేక పోగుల నడుమ ఒక సన్నని నూలు పోగు ఉండేది. దానిని వారు ‘స్మా షాట్’ అనేవారు, చిన్న పేక అని అర్థం. అది పైకి కనబడదు. కాని అది లేకపోతే రంగుల పోగులేవీ నిలవక శాలువ విడిపోతుంది. కంటికి కనబడని పోగుకు కూలి ఎందుకివ్వాలని వ్యాపారులు వాదించారు. ఆ నూలును నేతగాళ్లే తమ డబ్బుతో కొనుక్కుని, కూలి లేకుండానే దానిని నేసేవారు. ఏళ్ల తరబడి పేచీ సాగింది. చివరకు 1856 జూలైలో వ్యాపారులు దిగివచ్చి, ఆ పోగుకు వెల కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ ఊళ్లో ఇప్పటికీ జూలై మొదటి శనివారాన ‘స్మా షాట్ దినం’ జరుపుకుంటారు. డప్పు మోగిస్తూ ఊరేగుతారు. నేతగాళ్లు వ్యాపారికి పెట్టిన ఎకసక్కపు పేరు ‘కార్క్’. ఆ కార్క్ బొమ్మను తగలబెడతారు. గెలిచిన నేతగాళ్లు ఎక్కువ కాలం సుఖపడలేదు. 1870ల్లో స్త్రీల ఉడుపుల తీరు మారి శాలువలు అడిగేవారు లేకపోయారు. పైస్లీని ఆ పైన బతికించింది కోట్స్ కంపెనీ కుట్టుదారం. మన దర్జీలకు పరిచయమైన మధురా కోట్స్‌లోని కోట్స్ వారిదే.

ఇప్పటి సూరత్‌లో దూదికి పెద్ద పీట లేదు. పాలియెస్టరు నూలుతో లక్షలాది మరమగ్గాలు నడుస్తున్నాయి. వాటి మీద పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారు ఎక్కువ. వారితో పాటు కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. లింబాయత్ వంటి పేటలలో తెలుగు వినబడుతుంది; సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మగ్గాలే ఇక్కడా. ఒక్క మనిషి ఒకేసారి అనేక మగ్గాలను చూసుకుంటాడు. పన్నెండేసి గంటల వంతు. కూలి మీటరు లెక్కన. బట్టలో లోపం ఉంటే కోత. లాంకషైర్ నేతగాడు ఇక్కడికి వస్తే మాట అర్థం కాదేమో గాని, లెక్క అర్థమవుతుంది.

ఆ బట్ట చీరలై మూటలు కట్టి తెలుగు నాటికి వస్తుంది. పెళ్లిళ్లలో, ఒడుగులలో పంచిపెట్టే పెట్టుబడి చీరలలో ఎన్నో అక్కడివే. వాటిని గురించి మన ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే ధోరణి గమనించదగ్గది. “అబ్బే, అది సూరత్ చీరేలే” అంటారు. ‘లే’ దగ్గర పెదవి కాస్త విరుస్తారు. లాంకషైర్ వారి తిట్టును మనం ఎరువు తెచ్చుకోలేదు, మనంతట మనమే తయారుచేసుకున్నాం. ఆ చీర బట్ట నేసినవాడు తెలుగువాడే కావచ్చునన్న ఊహ ఆ మాటలో ఎక్కడా తగలదు. బేగంబజారు దుకాణంలో పెళ్లివారు “పెట్టుబడికి సూరత్‌వి చూపించండి, చాలు” అంటారు. అమ్మేవాడు మామిడి పిందెలవి నాలుగు తీసి పరుస్తాడు. “ఇవి పైస్లీ అమ్మా, కొత్త డిజైను” అంటాడు.