వేషం ఉంది, ఆట లేదు

బొమ్మను చూసి వర్ణించమనడం తెలుగు తరగతిలో మాకు అలవాటే. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు పికాసో 1905లో గీసిన 'సాల్టింబాంక్‌ల కుటుంబం' చూపించాం. సాల్టింబాంక్‌లంటే ఊరూరా తిరుగుతూ గారడీలు, విన్యాసాలు చేసి పొట్ట పోసుకునేవారు. పారిస్‌లోని మెద్రానో సర్కస్‌కు పికాసో తరచూ వెళ్లేవాడు. అయినా ఈ చిత్రంలో డేరా లేదు, జనం లేరు. బోడి నేల మీద ఆరుగురు వేషధారులున్నారు. వారిలో ఒక స్త్రీ విడిగా కూర్చుని ఉంది.

"సార్, వీళ్ల ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అని ఒక విద్యార్థి అడిగాడు. "అయిపోయిందేమో" అంది వెనక బెంచీ అమ్మాయి.

పేదరికం వల్లే వీళ్లు దిగులుగా ఉన్నారని చాలామంది రాశారు. అది కొంతవరకే నిజమని మా అభిప్రాయం. తాడు మీద నడిచేవాడికి పడిపోకుండా ఉండడం తెలుసు. చూసేవాళ్లు లేనప్పుడు ఎలా నిలబడాలో అతనికి ఎవరూ నేర్పలేదు. చిత్రకారుడు ప్రేక్షకుల్ని తీసేసి ఆ నిస్సహాయతనే చూపించాడు. స్పెయిన్ నుంచి వచ్చి, 1904లోనే పారిస్‌లో స్థిరపడ్డ పికాసో రంగుల గళ్ల దుస్తుల హార్లెక్విన్‌కు తన పోలికలే ఇచ్చాడు.

బదిలీల మీద ఊళ్లు మారే మాకు ఈ బొమ్మ బాగా తెలిసినట్టే ఉంటుంది. మా విద్యార్థుల్లో చాలామందిదీ అదే బతుకు. అమ్మానాన్నల ఉద్యోగం ఎక్కడుంటే అక్కడే బడి. ఏడాది మధ్యలో చేరిన పిల్లలను మేమేం చేస్తాం? అందరి ముందూ నిలబెట్టి పేరు చెప్పమంటాం, పాట పాడమంటాం. మేము పనిచేసిన ఒక ఊళ్లో ఓ చిన్నారి అలాగే చక్కగా పాడింది. తరగతంతా చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం ఆ పిల్ల టిఫిన్ డబ్బా తెరుచుకుని ఒక్కతే కూర్చుంది. బెరుకు పోగొట్టామనుకున్నాం, కానీ ఆమెకు వేషం కట్టించాం.

పాటలు వద్దనడం లేదు. ప్రార్థన సమయంలో, వార్షికోత్సవంలో పిల్లలు పాడాలి, ఆడాలి. మొదటి రోజు మాత్రం బెంచీ మీద పక్కన కాస్త చోటు, డబ్బాలోంచి ఓ ముద్ద చాలు. చిత్రంలోనూ పూలబుట్టతో ఉన్న చిన్నపిల్ల చేయి హార్లెక్విన్ చేతిలో ఉంది. ఆ సంగతి మా తరగతిలో ఇద్దరే గమనించారు.

ఈ ఏడాది నుంచి కొత్తవాళ్లను పాట అడగడం మానేశాం. వాళ్ల పేరు పక్కన కూర్చున్నవాళ్లే అడిగి తెలుసుకుంటున్నారు.