చూచు తోటలు - కాచు తోటలు

ఇంగ్లాండునకు చదువులకును ఉద్యోగములకును పోయిన మన పిల్లలు సెలవులకు వచ్చినపుడు చూపు చిత్రములలో ఒక తోట తప్పక యుండును. తివాచి పఱచినట్లు పచ్చిక, నడుమ చెఱువు, చెఱువులో చిన్న దీవి, దూరమున ఒకనాటి ప్రభువు మేడ. టిక్కెట్టు కొని లోనికి పోయి, ప్రొద్దు వ్రాలువఱకు తిరిగి, తేనీరు త్రావి వచ్చెదరట. ఈ వేసవిలో ఒక మిత్రుని కుమారుడు అట్టి తోట నొకదానిని మాకు చూపి, "మనకు ఇలాంటివి ఎందుకు లేవండీ?" అని యడిగెను. ఆ తోట పేరు క్లేర్మాంటు. ఆ పేరు వినగనే మాకు నవ్వు వచ్చినది. తరువాత ఆలోచన వచ్చినది.

క్లేర్మాంటు సామాన్యమైన తోట కాదు. లండనునకు నైరృతిదిక్కున, సర్రీ సీమలో, ఎషర్ అను ఊరిచెంత నున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఆ దేశపు ఉద్యానశిల్పులలో మేటులైనవారు ఒకరివెనుక నొకరు దానిని తీర్చిదిద్దిరి. పచ్చిక కప్పిన మెట్లతో గుట్టపై మలచిన రంగస్థలము నేటికిని అక్కడి వింత. దానిని 1768 ప్రాంతమున కొన్నవాడు మఱెవరో కాదు, రాబర్టు క్లైవు. ఉన్న మేడను పడగొట్టించి, బ్రౌను అను ప్రసిద్ధ శిల్పిచేత క్రొత్త మేడకు పునాది వేయించి, తోటను మరల దిద్దించెను. తీరికగ కాపురముండకయే 1774లో కన్నుమూసెను. అతని ధనము ప్రధానముగ వంగదేశమున గడించినది. కాని మనకును అతనితో చుట్టఱికము లేకపోలేదు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలముచేత ఉత్తర సర్కారులను కుంపిణీకి వ్రాయించుకొన్నవాడు క్లైవే. నూజివీడు సీమ ఆ సర్కారులలోనిది. మన పిల్లవాడు చూచి మెచ్చుకొనిన పచ్చికను పఱపించిన చేయియే, మూడేండ్లకు ముందు మన మామిడినేల పత్రమును అందుకొన్నది.

ఇట్టి తోటలకు మఱియొక చరిత్ర కలదు. ప్రభువు కిటికీనుండి చూచినపుడు పల్లెయు పేడకుప్పయు కనబడరాదు. డార్సెట్ సీమలో మిల్టను ప్రభువు తన మేడచెంత నున్న ఊరినే 1780 ప్రాంతమున తీసివేయించి, జనులను కనుమఱుగున కట్టించిన క్రొత్త యిండ్లకు తరలించెను. నేడు యాత్రికులు ఆ యిండ్ల గడ్డికప్పులను గూడ చూచి అందమనుచున్నారు!

ఇంతమాత్రముచేత అక్కడివారి మంచిని మేము కాదనము. 1895లో కొందఱు పౌరులు చేరి నేషనల్ ట్రస్టు అను సంఘమును స్థాపించిరి. పన్నులకు తాళలేని ప్రభువులు తమ మేడలను తోటలను దానికి అప్పగించుటకు 1937లో పార్లమెంటు శాసనమార్గమును విశాలము చేసెను. క్లేర్మాంటు తోట 1949లో ఆ సంఘమువారి పాలిటికి వచ్చినది. తమ యధీనమందలి 93 స్థలములకు వలసరాజ్యముతోను బానిసవ్యాపారముతోను గల సంబంధమును 2020లో ఆ సంఘమువారే వెల్లడించిరి. దానికై సొంతజనులచేత మాటలు పడిరి. తోట నిలిపినవారికి తోట కథ చెప్పు ధైర్యమును ఉండుట మెచ్చదగినదే.

ఇక ఆ పిల్లవాని ప్రశ్న. మనకు తోటలు లేవా? వైశాఖమాసమున ఇద్దఱు మిత్రులతో గూడి మేము నూజివీడు పోయితిమి. ఈ పట్టణము 2022 ఏప్రిలులో కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాకు మాఱినది. పండు రుచి మాత్రము జిల్లా మాఱలేదు. మేకావారి అప్పారావులు ఏలిన కోట యిక్కడిదే. ఊరు దాటగానే ఎఱ్ఱనేల. ఆగిరిపల్లి వైపు పోయినను, ముసునూరు వైపు పోయినను, చాట్రాయి వైపు పోయినను త్రోవకిరువైపుల మామిడియే. చిన్నరసము, పెద్దరసము, చెఱుకురసము, బంగినపల్లి, సువర్ణరేఖ. చివరకు తోతాపురికి మనవారు పెట్టిన పేరు కలెక్టరు. దొరలు పోయిరి, కలెక్టరు కాయ మిగిలినది.

ఒక పాత తోట కంచెకడ కావలివాడు మమ్ము నిలిపి, "బేరానికొచ్చారా బాబూ?" అనెను. చూచుటకు వచ్చితిమంటిమి. అతడు తెల్లబోయి, "చూడ్డానికేముందండీ, చెట్లేగా!" అనెను. ఆ మాటలో మా మిత్రపుత్రుని ప్రశ్నకు సమాధానము సగము కలదు. మన తోటకు పోవువాడు పూత చూచి గుత్త కట్టు షావుకారు, చిక్కము గట్టిన గెడతో కాయ దింపు కూలి, నున్న బజారునకు లోడెత్తు లారీవాడు. తోట చూచుటకని టిక్కెట్టు కొని వచ్చువాడు లేడు. ఇది కడుపు నింపు తోట, కన్ను నింపుటకు పెంచినది కాదు.

ఈ భేదము చట్టములోను కలదు. న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఒక్క మాట చెప్పనిండు. జమీందారీ యేలుబడిలో నేల దున్నినవాడు రైతయినను, ఆ నేలలో మొలచిన చెట్టు ఎవరిదను వివాదము ఉండెడిది. ఆచారమనియు కరారనియు జమీందారు చెట్టుపై హక్కు చెప్పెడివాడు. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టము 12వ సెక్షను దీనిని త్రెంచినది. ఆ చట్టము వచ్చిన పిదప సాగుహక్కు గల రైతు నాటిన చెట్టును అనుభవించుటకును, కొట్టుకొనుటకును అతనికే హక్కు. ఏ ఆచారమును, ఏ కరారును దాని కడ్డు రావు. మామిడి నాటినవాడు పదేండ్లు కాచుకొనవలెను. పండు తనది కాదని తెలిసినవాడు టెంక పాతునా? తరువాత 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినది. జమీందారులకు సొంత కమతములపై పట్టాలు, రైతులకు తమ భూములపై పట్టాలు లభించినవి. అక్కడ ప్రభువు తోట సంఘమునకు పోయిన కాలముననే, ఇక్కడ తోటలు పట్టాదారుల చేతిలో స్థిరపడినవి. ఇందులో విచారింపవలసినది లేదు. రైతుచేతి చెట్టు కోటగోడలోపలి చెట్టుకన్న మేలు.

అయినను సమాధానములో రెండవ సగము మిగిలియున్నది. కావలివాడు మమ్ము ఒక దిగుడుబావి యొద్దకు తోడ్కొనిపోయెను. అచ్చట ముగ్గురు చేతులు కలిపినను కౌగిలి కందని మ్రాను. "ఇది బావికాడ చెట్టండి" యనెను. మఱి రకమేది యని యడిగితిమి. రసమే గాని ఏ రసమునకును చెందదట. గడ్డిలో మాగవేసిన పండొకటి తెచ్చి యిచ్చెను. మెత్తగ పిసికి, ముచ్చికకడ కొఱికి పీల్చితిమి. తీపి వెనుక సన్నని పులుపు, దాని వెనుక ఏదో పూవు వాసన. ముగ్గురమును కొంతసేపు మాటలాడలేదు. మ్రానుపై సుద్దతో గీసిన గుఱుతును తరువాత చూచితిమి. కలపవర్తకుడు కొలిచి పోయినాడట.

యజమానిని మేము తప్పుపట్టము. పలుచని తోలు గల రసము దూరప్రయాణమునకు నిలువదు. బంగినపల్లి ఢిల్లీదాక పోవును, దానికి 2017లో భౌగోళిక గుర్తింపును వచ్చినది. తేనెమంచు పురుగునకు మందు కొట్టి, అప్పు తీర్చవలసిన రైతు ధర పలుకు చెట్టునే ఉంచుకొనును. కాని మామిడిలో ఒక చిక్కు కలదు. మన దేశపు మామిడి రకములు టెంకనుండి మొలచినపుడు సామాన్యముగ తల్లిని పోలవు. అంటు కట్టినప్పుడే తల్లి రుచి బిడ్డకు వచ్చును. కావున టెంకనుండి లేచిన ప్రతి ముదుసలి చెట్టును ఒంటరిది. బావికాడ చెట్టు కూలిననాడు ఆ రుచి లోకములో మఱెక్కడను దొరకదు. క్లేర్మాంటు మెట్లు కూలినచో పటము చూచి మరల కట్టవచ్చును.

కాబట్టి మాకు తోచునది యిది. ప్రభువుల పచ్చికలు మనకు వలదు. నూజివీడు సీమలో ఒక్క పాత తోటను పురపాలక సంఘము దీర్ఘకాలపు గుత్తకు తీసికొనవలెను. షావుకారు ఇచ్చు పైకమునకు తక్కువకాని పైకము యజమానికి ఇయ్యవలెను. ఉద్యానవిశ్వవిద్యాలయమువారి మామిడి పరిశోధనస్థానము ఈ పట్టణముననే యున్నది. పేరున్న రకములతోపాటు బావికాడ చెట్టు, గట్టుమీది చెట్టు అని పిలువబడు పేరులేని చెట్లనుండియు అంటులు కట్టి అందులో నాటించుట వారికి కష్టము కాదు. వేసవి సెలవులలో బడిపిల్లలు టిక్కెట్టు లేకుండ లోనికి పోయి, చెట్టుక్రింద కూర్చుండి పండు తినవలెను. నేలను కుంపిణీకి వ్రాసియిచ్చిన కథను, చెట్టు రైతు పాలైన కథను ఒక పలకపై వ్రాసి గుమ్మముకడ నిలుపవలెను.

మేము వచ్చునపుడు చెట్టు కొట్టుట ఎప్పుడని కావలివాని నడిగితిమి. కాపు దిగి, తొలకరి పడిన పిదప అనెను. అంటుకు పుల్ల కోయు కాలమును అదియే. పుల్లలు కోసికొనుటకు యజమాని యొప్పుకొన్నాడు. ఇక కోయించువారు కావలెను.