మావయ్య పొడుగు చేతుల చొక్కా

ఇంతవరకూ ఈ శీర్షికలో వడ్డీలు, నామినేషన్లు, ఫిక్సెడ్ డిపాజిట్లు అంటూ రాస్తూ వచ్చాను. ఈసారి ఒంటి సంగతి. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణే గాని డాక్టరును కాను. అయినా ఈ జబ్బు మా ఇంట్లో రెండు తరాలుగా ఉంది. దాని విషయంలో పెద్ద పొరపాటూ మా ఇంట్లోనే జరిగింది. అందుకని రాస్తున్నాను.

గుడియాత్తంలో మా మేనమామ లుంగీలు నేసేవాడు. వైకాసి మొదటి రోజు గెంగమ్మ శిరసు ఉత్సవానికి ఊరు ఊరంతా వీధుల్లోకి వస్తే, ఆయన మాత్రం ఆ ఎండల్లో మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఇంటి అరుగు మీదే కూర్చునేవాడు. రెండు మోచేతుల మీదా, మోకాళ్ళ మీదా దళసరి ఎర్ర మచ్చలు. వాటి మీద తెల్లగా, వెండి రేకుల్లాగా పొలుసులు. మగ్గం దగ్గర నుంచి లేస్తే కింద పొట్టు రాలి ఉండేది. అత్త ఏమీ అనకుండా ఊడ్చేసేది. ఆయనకు కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లలం ఆయన తువ్వాలు ముట్టుకుంటే మా అమ్మ కళ్ళెర్రజేసేది.

జబ్బు పేరు మాత్రం ఎవరూ పైకి అనేవారు కారు. కాట్పాడి దగ్గర కరిగిరిలో 1955 నుంచీ కుష్ఠు ఆసుపత్రి ఉంది. అంతకు ముందే, 1948 ప్రాంతంలో, రాయవేలూరు సి.ఎం.సి.లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి రోగులో మా ప్రాంతానికే వచ్చేవారు. దాంతో ఒంటి మీద మచ్చ కనిపిస్తే చాలు, మా వాళ్ళకు ముందు గుర్తొచ్చేది కరిగిరే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మావయ్య ఒకసారి నన్ను పక్కకు పిలిచాడు. "ఒరే అబ్బయ్యా, ఎవురికీ చెప్పకుండా కరిగిరికి పోయొచ్చినా. కండ్లు మూసుకోమని మచ్చల మింద దూదితో తాకినారు. తాకినప్పుడల్లా చెప్పినా. ఇది ఆ జబ్బు కాదంట" అన్నాడు.

"మరి ఇంట్లో చెప్పలేదా మావయ్యా?"

"ఎట్ల చెప్పేది? కాదంట అంటే, అనుమానముండే పోయినాడనుకోరా?"

ఆ దూది పరీక్షను కొంచెం వివరంగా చెప్పాలి. కుష్ఠు మచ్చలో చాలావరకు స్పర్శ తగ్గిపోతుంది, దురద ఉండదు. మావయ్యది సోరియాసిస్. దీంట్లో స్పర్శ పోదు, దురదో మంటో ఉండొచ్చు, పొలుసు రాలుతుంది, మచ్చ అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. పొలుసు గోకితే కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి (గోకి చూడమని మాత్రం చెప్పడం లేదు). మన చామనచాయ ఒంటి మీద మచ్చ ఎర్రగానే ఉండాలని లేదు. ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో ఉండొచ్చు. ఈ రెండు జబ్బుల్నీ కలిపేసిన పొరపాటు మనొక్కరిదే కాదు లెండి. వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే వైద్యుడు 1841లో విడదీసి చెప్పేదాకా యూరప్‌లోనూ సోరియాసిస్‌కు కుష్ఠు పేరు అంటుకునే ఉండేది.

ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు, అంటదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి చర్మాన్ని తొందర పెడుతుంది. నెల రోజులకు రాలాల్సిన పొర నాలుగైదు రోజుల్లోనే పైకి వచ్చి పేరుకుంటుంది. అంటే మావయ్య కంచం అన్నేళ్ళు విడిగా ఉండాల్సిన పనే లేదు.

నా వంతు నలభై దాటాక వచ్చింది. మొదట చుండ్రు అనుకున్నాను. తర్వాత చెవుల వెనకా, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటా దళసరిగా పెళ్ళలు కట్టింది. స్కూటరు మీద నుంచి పడి కాలు గీరుకుపోతే, ఆ గీత వెంబడే కొన్నాళ్ళకు కొత్త మచ్చ లేచింది. ఈ జబ్బు లక్షణాల్లో అదీ ఒకటి. మందుల షాపులో తామర అని చెప్పి ఒక ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్ళు తగ్గింది, మానగానే రెట్టింపైంది. అందులో ఘాటైన స్టెరాయిడు ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లోనే నగదు కౌంటర్లో ఒక పెద్దాయన, "డబ్బు బల్ల మీద పెట్టండి, నేను తీసుకుంటాను" అన్నారు. పెట్టాను. ఆ సాయంత్రమే రెండు పొడుగు చేతుల చొక్కాలు కొన్నాను.

చివరికి చర్మవైద్యురాలి దగ్గరికి వెళితే ఆవిడ మచ్చల కంటే ముందు నా గోళ్ళు చూశారు. దర్జీలు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు మీద ఉండేలాంటి సన్నటి గుంటలు. రెండు గోళ్ళ కింద నూనె చుక్క పడ్డట్టు పసుపు మరక. ఒక గోరు కొసన పైకి లేచింది. అవన్నీ సున్నం, సిరా, వయసు అని నేను సరిపెట్టుకున్నవే. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న, "పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతాయా? ఎంతసేపటికి వదులుతాయి?"

నాకు మావయ్య కళ్ళముందు మెదిలాడు. మగ్గం ఎక్కేముందు రోజూ అరగంట వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కోసారి ఒక వేలు మొత్తం అరటిపండులా ఉబ్బేది. మడమ నొప్పి సరేసరి. నేతవాడి చేతులు కదా, వయసు కదా అన్నాం. మచ్చలు ఒక డాక్టరుకు చూపించాం, కీళ్ళు ఇంకో డాక్టరుకు చూపించాం. రెండూ ఒకే పద్దు కింద రాయాల్సినవని చెప్పేవాళ్ళు లేరు, మాకు తట్టనూ లేదు. సోరియాసిస్ ఉన్నవారిలో నూటికి ముప్పై మంది దాకా కీళ్ళకూ పాకుతుందట. ముందే పట్టుకుంటే మందులతో ఆపొచ్చు, అరిగి వంగిన కీలు మాత్రం తిరిగి రాదు. మావయ్య రెండు వేళ్ళు అలాగే వంగిపోయి, యాభై రెండో ఏట మగ్గం దిగిపోయాడు. నాకు ఈ సంగతి తెలిసేనాటికి ఆయన లేడు.

జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. పూతమందులు, కాంతి చికిత్స, మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి. మెథోట్రెక్సేట్ రాసిస్తే అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. స్టెరాయిడు మాత్రలు సొంతంగా మొదలుపెట్టడం, ఉన్నట్టుండి మానడం రెండూ చేటే. ఒళ్ళంతా ఎర్రబారినా, జ్వరంతో చీముపొక్కులు లేచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు ఒంటి మీద చినుకుల్లాంటి పొలుసుమచ్చలు లేస్తే అదీ ఇదే కావచ్చు. ఇక సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఇది వంశపారంపర్యమా అని గుసగుసలాడతారు. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ, వచ్చి తీరాలని లేదు. మా అమ్మాయి పెళ్ళిమాటల్లో నేనే ముందుగా చెప్పేశాను. వియ్యంకుడుగారు తన మోచెయ్యి చూపించారు!

పొడుగు చేతుల చొక్కాలు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. వచ్చే ఉగాది కలయికలో ఎవరికైనా సందేహముంటే నన్ను పక్కకు పిలవనక్కర్లేదు, భోజనాల బంతిలోనే అడగండి. గోళ్ళు చూపిస్తాను.