మేస్త్రీ మాట ఇంజినీరుకు చేరాలి

2025 మార్చి 26న భద్రాచలంలో కడుతున్న ఆరంతస్తుల భవనం కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. అనుమతి లేదన్నారు అధికారులు. పాత కట్టడం మీదే అంతస్తులు లేపారని వార్తలొచ్చాయి. అనుమతుల మీద చర్చ చాలా జరిగింది. కింద పునాది ఎంత మోయగలదో, పైన ఎంత బరువు ఎక్కుతోందో రెండూ కలిపి చూడాల్సిన మనిషి గురించి మాత్రం తక్కువే మాట్లాడుకున్నాం.

మన వైపు ప్లాను గీసేది ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో. కట్టేది చర్లలో, దుమ్ముగూడెంలో. గీసినవారు ఆ మట్టిని చూడరు, కట్టేవారు ఆ లెక్కను చూడరు. మధ్యలో ఇంటాయన వచ్చి, షట్టరుకు అడ్డమొస్తోంది, పిల్లరు కాస్త పక్కకు జరపమంటాడు. బాల్కనీ ఇంకో అడుగు పెంచమంటాడు. అనుకున్న మందం రాడ్లు దొరక్కపోతే దొరికినవే కడతారు. మేస్త్రీకి మనసులో శంక ఉంటుంది. కానీ ఎవరిని అడగాలి? ఇంజినీరుకు ఫోను చేస్తే ఫీజు అడుగుతాడేమోనని ఇంటాయన భయం. ఎక్కువ ప్రశ్నలేస్తే పని పోతుందేమోనని మేస్త్రీ భయం.

పెద్ద పెద్ద సంస్థలున్న చోటా ఇదే జరిగింది. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక హోటల్ లోపలి నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి రాడ్డుకు పై వంతెన, కింది వంతెన రెండూ వేలాడాలన్నది మొదటి ఆలోచన. అంత పొడుగు రాడ్డుకు మరలు వేయడం కష్టమని తయారీదారు దాన్ని రెండు ముక్కలు చేయమన్నాడు. అడగడం తప్పేమీ కాదు. అయితే ఆ మార్పుతో కింది వంతెన పైదానికే వేలాడింది, అక్కడి నట్టు మీద బరువు రెట్టింపైంది. కొత్త డ్రాయింగు మీద డిజైన్ ఇంజినీరు ముద్ర పడింది, లెక్క మళ్లీ వేయలేదు.

పైనుంచి కిందికి వచ్చే కాగితం ఒక్కటే చాలదు, కింది నుంచి పైకి వెళ్లే మాటకూ దారి ఉండాలి. గోదావరి ఒడ్డు పల్లెల్లో ఇది మరీ ముఖ్యం. భద్రాచలం దగ్గర వరద నీటిమట్టం 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ఆ నీళ్లు తమ ఊళ్లో ఏ గోడ దాకా వచ్చాయో అక్కడి పెద్దలు వేలు పెట్టి చూపిస్తారు. అన్ని ఊళ్లకూ ఒకే నమూనాలో బడి గీసేవారు ఆ గోడ చూశాకే పునాది ఎత్తు ఖాయం చేయాలి.

స్లాబు పోసే ముందు గీసినవారు ఒక్కసారైనా సైటుకొచ్చి రాడ్లు చూడాలి. ఏది మార్చినా అదే ప్లాను మీద గుర్తుపెట్టి సంతకం చేయాలి. ప్లానులో కొలతలు, పేర్లు తెలుగులో రాయాలి. ఇంజినీరుతో కూర్చున్న పూటకు మేస్త్రీకి కూలి కట్టివ్వాలి. ప్రభుత్వ భవనాలతో ఇది మొదలుపెడితే ఇళ్లు కట్టుకునేవారూ చూసి అడగడం నేర్చుకుంటారు.