జీతం తగ్గిస్తే తగ్గేది పన్నొక్కటే కాదు

అమెరికాలో ఎస్ కార్పొరేషన్ పద్ధతిలో సొంత కంపెనీని ఒంటిచేత్తో నడుపుతున్న మన కన్సల్టెంట్లకు ఒక మాట చెప్పాలి. పేరోల్ పన్ను మిగులుతుందని జీతం బాగా తగ్గించి, మిగతాది లాభంగా తీసుకోకండి. పనికి తగ్గ జీతం చూపించాలన్నది అక్కడి నిబంధన. పైగా ఎస్ కార్పొరేషన్‌లో రిటైర్మెంట్ ఖాతాకు లెక్కలోకొచ్చేది జీతమే, లాభం కాదు. ఏడాదికి 60,000 డాలర్ల జీతం తీసుకునే, యాభై ఏళ్లు నిండని యజమానినే చూడండి. సెప్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ జమచేయగలిగేది అందులో 25 శాతం, అంటే 15,000. అదే సోలో 401(కె) అనే మరో రకం ఖాతా అయితే 2025 పరిమితుల ప్రకారం ఉద్యోగిగా మరో 23,500 వేసుకోవచ్చు, మొత్తం 38,500 అవుతుంది. జీతం పెరిగితే, అవే పరిమితుల ప్రకారం కంపెనీ వాటా, ఉద్యోగి వాటా కలిపి 70,000 దాకా వెళ్లొచ్చు. మరోచోట కూడా ఉద్యోగం చేస్తూ అక్కడి 401(కె)లో దాచేవారికి మాత్రం ఆ 23,500 పరిమితి రెండుచోట్లకూ కలిపే వర్తిస్తుంది. జీవిత భాగస్వామి కంపెనీలో నిజంగా పనిచేసి జీతం తీసుకుంటుంటే వారికీ విడిగా ఇదే వీలుంది. పెద్ద సంస్థల్లో ఇవన్నీ గుర్తుచేయడానికి హెచ్‌ఆర్ విభాగం ఉంటుంది, ఒంటరి యజమానికి ఎవరూ ఉండరు. అందుకే జీతం ఖరారు చేసుకునే రోజే, వృద్ధాప్యానికి ఎంత దాచాలో కూడా అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.