అంతర్జాలమున మతప్రచారము

క్రైస్తవ మతప్రచారము సంతలను, గ్రామచావడులను దాటి చేతిఫోనులో ప్రవేశించి చాలకాలమైనది. అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన లైఫ్ చర్చి 2006లో అంతర్జాలమున ఆరాధనల నారంభించి, 2008లో యూవర్షన్ అను బైబిలు యాప్‌ను వెలువరించెను. 2021 నాటికి ఆ యాప్‌ను ఫోనులలో 50 కోట్ల పర్యాయములు దింపుకొనిరి. తెలుగు బైబిలు కూడ అందు లభించుచున్నది. 2020లో మహమ్మారివలన ప్రార్థనా మందిరములు మూతపడగా, ఆరాధనలు యూట్యూబునకును వాట్సాపు గ్రూపులకును తరలెను. వ్యాధి తగ్గినను ఆ యలవాటు తొలగలేదు.

దీనిని నిషేధింపవలెననువారితో మేము ఏకీభవింపజాలము. మన రాజ్యాంగము 25వ అధికరణమున మతమును ప్రచారము చేయు హక్కును స్పష్టముగ నంగీకరించినది. ఆ పదము వలదని 1948లో రాజ్యాంగసభయందు కొందరు వాదించినను, అది నిలిచినది. అయితే ప్రచారహక్కనగా సిద్ధాంతములను వివరించు హక్కేగాని, పరుని మతము మార్చు హక్కు గాదని 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చెప్పుట ఒకరి హక్కు. ఒప్పుకొనుటయో, మానుటయో వినువాని హక్కు. ఈ రెండవ హక్కునకు అంతర్జాలమున కలుగగల హాని యేమన్నదే ప్రశ్న.

చావడిలో పలుకు బోధకుని ఊరెల్ల చూచును; సందేహమున్నవాడు ఎదురుప్రశ్న వేయును. గ్రూపునందలి బోధకుడో, ఒంటరిగ నున్న మనుష్యునితో ఒంటరిగ మాటాడును. బిడ్డను కోల్పోయిన తల్లి, ఉద్యోగము దొరకని యువకుడు, గల్ఫు దేశమున కూలికిపోయి యింటిమీద బెంగగొన్నవాడు అర్ధరాత్రమున ఓదార్పును వెదకుదురు. బాధ వ్రాసిన ప్రార్థన చేయుదుమను పిలుపు కనబడగనే వ్యాధిని, అప్పును, కుటుంబకలహమును దాచక వ్రాయుదురు. నడుపువా రెవరో, ఆ వ్రాతలు ఎవరి చేతిలో నుండునో తెలుపకున్నచో, అది ప్రచారము గాదు. దుఃఖముపై పన్నిన వలయగును.

ఈ విషయమున మిషనరీల చరిత్రయందే ఒక మేలుబంతి గలదు. 1876–78 నాటి క్షామమున ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువపనిలో కొంతభాగమును గుత్తకు దీసికొని, అన్నార్తులకు కూలి కల్పించెను. ఆ పని సాగినంతకాలము బాప్తిస్మము గోరినవారికి దాని నొసగలేదు. ఆకలిగొన్నవాని అంగీకారము అన్నమునకో, విశ్వాసమునకో యని ఆయన శంకించెను. పని ముగిసినపిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను గూర్చి యెవరేమనుకొన్నను, ఆ నియమము మెచ్చదగినది.

నాటి యాకలి యెట్టిదో నేటి యేకాకితనము నట్టిదే. కావున ప్రచారకులు తమ పేరును, సంఘమును మొదటనే తెలుపవలెను. ఒకరి దుఃఖమును వారి సమ్మతి లేక ఇతరులకు చూపరాదు. శోకమున నున్నవానిని నిర్ణయమునకు తొందరపెట్టరాదు. ఈ నియమములు హిందువులకును, మహమ్మదీయులకును సమానముగ వర్తింపవలెను.

క్రైస్తవేతరులకు సయితము ఒక మాట చెప్పవలసియున్నది. మన యింటివాడు కంటనీరు తుడుచుకొనుటకు ముఖమెరుగనివారి గ్రూపును వెదకికొనిపోయినచో, ముందుగ విచారింపవలసినది ఆ గ్రూపును గాదు, మన యింటిని. చట్టము మోసమును శిక్షింపగలదు. ఆదరణ లేని లోటును పూరింపజాలదు. ఆ లోటు తీర్చు భారము మనదే.